సముద్రం వైపు కిటికీ

చెంచురామయ్య మేష్టరు క్లాసులోకి రాగానే చేతిసంచి మేకుకు తగిలించి, పైపంచెతో కుర్చీ దులిపి, ఒకసారి గాలి పీల్చి చూస్తారు. సముద్రం వైపు నుంచి గాలయితే, "ఆ కిటికీ మూసేయండ్రా" అంటారు. బోగోలు ఊరి అవతల ఇసకలో ఉన్న ఆ బడి వెనకే చేపలు ఎండేస్తారు. ఆయనేమో కాలవ కింద వరి పండించే ఇంట పుట్టినవారు, ఆ వాసన పడదు. పాఠం మాత్రం ప్రాణం పెట్టి చెబుతారు. పంతొమ్మిది వందల అరవై ఒకటిలో ఒకనాడు బోర్డు మీద గ్రీసు దేశం గీశారు.

"అన్నీ కొండలే. ఊరికీ ఊరికీ నడుమ కొండ అడ్డం, అందుకే ఏ ఊరికా ఊరే ఒక రాజ్యం. దున్నను నేల చాలక పడవలెక్కినారు. సముద్రమే వాళ్లకు దారి, అదే అన్నం పెట్టింది. అంత గొప్పవాళ్లయినారంటే సముద్రాన్ని నమ్ముకునే!"

అంతలో గాలి మళ్లింది. ఆయన ఏమీ అనకముందే గురవమ్మ అనే పిల్ల లేచి, చప్పుడు కాకుండా కిటికీ మూసింది.

"ఎందుకమ్మా మూసినావు?"

"ఆ చేపలు మావే అయ్యోరా," అంది తల వంచుకుని. "సాయంత్రానికంతా ఎత్తేయమని మాయమ్మకు చెప్తా."

మేష్టరు బోర్డు వైపు తిరిగారు. గంట కొట్టేదాకా ఇటు తిరగలేదు. గీసిన ఒడ్డునే మళ్లీ మళ్లీ దిద్దుతూ నిలబడ్డారు.