రంపానికి గొడుగు

గత నెలలో ఏర్పేడు దగ్గర ఒక వడ్రంగి శిక్షణశాలకు వెళ్ళాను. గుమ్మం దాటగానే కోసిన వేపచెక్క చేదువాసన, దానితో కలిసిన కాలిన లోహపు వాసన ముక్కుకు తగిలాయి. కొత్త కోత యంత్రాన్ని అప్పుడే పరీక్షించి చూశారట. బల్ల చీలికలోంచి పైకి లేచిన గుండ్రటి రంపంలో స్వల్పమైన విద్యుత్ సంకేతం ఉంటుంది. ఎండిన చెక్క దానిని పెద్దగా మార్చదు, తేమ గల మనిషి వేలు మారుస్తుంది. ఆ మార్పు తెలియగానే ఒక అల్యూమినియం దిమ్మె రంపపు పళ్ళలోకి దూసుకుపోయి దానిని ఆపేస్తుంది. “రెప్పపాటులో ఆగిపోతాదండీ” అన్నాడు శిక్షకుడు. రెప్పపాటంత సేపు తిరిగితే వేలు మిగలదని, ఇది అంతకంటే ఎన్నో రెట్లు త్వరగా ఆగాలని నేను సరిదిద్దాను. పచ్చిచెక్క పెడితే ఏమవుతుందని అడిగాను. అనవసరంగా ఆగిపోవచ్చునని, ఇంత ఏర్పాటున్నా రంపం మీది మూతను మాత్రం తీయకూడదని అతడు చెప్పాడు. లోపాన్ని దాచని జవాబు. పరికరాలను పరీక్షించడమే ఉద్యోగంగా బతికిన నాకు అది చాలు. కాని మూత అన్న మాట విన్నాక అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

డెబ్బైల చివర, నాకు పదేళ్ళప్పుడు, పలమనేరులో బెంగుళూరు రోడ్డు పక్కన మా నాయనకు రేకులు కప్పిన కట్టెకోత కొట్టం ఉండేది. తెల్లవారుజామున మంచు రేకుల మీద పేరుకొని బొట్టుబొట్టుగా కారుతూ ఉండగా, మా అవ్వ పొట్టు పొయ్యి నింపేది. మధ్యన రోకలి నిలబెట్టి, చుట్టూ రంపపు పొట్టు కూరి, రోకలిని మెల్లగా పైకి లాగి, మిగిలిన బొరియలో నిప్పు వేస్తే, అది పొగచూరుతూ, గుప్పుగుప్పుమంటూ, ఇంటిల్లిపాదికీ నీళ్ళు కాగేదాకా మండేది. మామిడిపొట్టు తీపిగా, వేపపొట్టు ఘాటుగా కాలేది. ముందురోజు ఏ మాను కోశారో ఒంటికి పోసుకున్న నీళ్ళ వాసనను బట్టే చెప్పగలిగేవాళ్ళం. (అన్నిసార్లూ సరిగ్గా చెప్పామని ఇప్పుడు ప్రమాణం చేయలేను.)

రంపం దగ్గర పనిచేసేవాడు మునిరత్నం. నాయనకంటే చిన్నవాడు, మాటల్లో మాత్రం పెద్దవాడు. మధ్యాహ్నం సంగటిముద్ద, ఊరిబిండి పచ్చడి తిన్నాక, మిగిలిన చెక్కముక్కల్లోంచి ఉలితో పిచ్చుకను, ఎద్దును, నా అచ్చనగాయలకు అయిదు నున్నటి గుండ్లను తీసేవాడు. కుడిచేతి బొటనవేలితో ఆ గుండ్లను రుద్ది, గరుకు ఎక్కడ మిగిలిందో కళ్ళు మూసుకొని కనిపెట్టేవాడు. నేను పాత గరుకు కాగితంతో ఎంత రుద్దినా ఆ వేలు ఒప్పుకునే నునుపు నాకు దొరకలేదు.

ఆ రంపానికి నాయన కమ్మరి చేత ఒక ఇనుపమూత చేయించాడు. పలక దూరేంత సందు వదిలి రంపాన్ని కప్పేది. దాని వెనుక ఒక సన్నని ఇనుపనాలుక ఉండేది; కోసిన చీలిక మళ్ళీ మూసుకొని రంపాన్ని బిగించకుండా అది అడ్డుపడేది. రెంటికీ ఒకే బోల్టు. మూత తీస్తే నాలుకా వచ్చేసేది.

ఆయుధపూజనాడు మూత తీసి, రంపాన్ని చింతపండుతో తోమి, పసుపు పూసి, కుంకుమ పెట్టేవాళ్ళం. బొరుగులు, పుట్నాలు, బెల్లం, శనగ గుగ్గిళ్ళు, పగిలిన బూడిదగుమ్మడి చల్లని వాసన, బంతిపూల ఘాటు, వీటన్నిటి ముందు ఆ ఒక్కరోజు కొట్టంలో పొట్టువాసన ఓడిపోయేది. మరునాడు నాయన మూత బిగించబోతే ఆ ఏడు అవ్వ అడ్డుపడింది.

“బొట్టు పెట్టుకోని అమ్మోరు కూసోనుంటే మొగానికి ముసుగేస్తార్రా యాడైనా? బొట్టు దానంతట అదే పోయేదాకా ఆ మూత ముట్టుకోవద్దు.”

“అవ్వా, నిన్న పూజైనాక మిషను తిరగంగానే బొట్టు ఎగిరిపోయింది. పలక మీద పడింది, నేను సూసినా” అన్నాను.

“పైది పోయింటాది. లోపలిది ఉండాది.”

ఈ లోపలి బొట్టును పరీక్షించే మార్గం నాకు తోచలేదు. రంపానికి భయపడని నాయన అవ్వకు భయపడి మూతను గోడకు తగిలించాడు.

మూడోనాడు సాయంత్రం మునిరత్నం మెలితిరిగిన వేపపలకను చీలుస్తుండగా, చీలిక మూసుకొని రంపం బిగిసింది. పలక ఎగిరి వెనక్కి వచ్చింది, దానిని పట్టుకున్న చెయ్యి ముందుకు పోయింది. కుడి బొటనవేలి కొన గోరుతో సహా తెగింది. నాయన తన కండువాతో ఆ చేతిని చుట్టి ఆసుపత్రికి తీసుకుపోయాడు. “ఏం కాలేదులే పాపా, గోరు కత్తిరించుకున్నా” అని మునిరత్నం వెళ్తూ నవ్వబోయాడు. పెదాలు తెల్లగా ఉన్నాయి.

ఆ రాత్రి అవ్వ, “సూసినారా, అమ్మోరు అడ్డం పడింది, లేకుంటే చెయ్యే పొయ్యేది” అంది. మూత గోడమీదే ఉంది. వేలు తెగకపోతే అమ్మవారి దయ, తెగినా అమ్మవారి దయ. ఇక ఏది జరిగితే అవ్వ మాట తప్పు అవుతుంది? మునిరత్నం కట్టు విప్పి, మళ్ళీ అదే మూతలేని రంపం ముందు నిలబడతాడన్న ఆలోచనతో నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు మధ్యాహ్నం ఒక దోసకాయకు పసుపు రాసి అవ్వ దగ్గరకు తీసుకుపోయాను. “దీనికి పూజ చెయ్యి అవ్వా. అమ్మోరు దీన్ని కాపాడతాదేమో సూస్తాం.” అవ్వ దానికి కుంకుమ పెట్టి, నా వెంట కొట్టంలో నాయన దగ్గరికి వచ్చింది. నాయన కర్రతో దానిని రంపం మీదికి తోశాడు. రెండు ముక్కలై గింజలు మా ముగ్గురి మీదా చిందాయి. తర్వాత నాయన మూత బిగించి ఇంకో దోసకాయను తోస్తే, అది ఇనుముకు తగిలి పక్కకు దొర్లిపోయింది.

అవ్వ గింజలు దులుపుకొని, కుంకుమభరిణె తెరిచి, మూత నడినెత్తిన బొట్టు పెట్టింది. “ముసుగు గాదులే ఇది. దేవుళ్ళకి గొడుగు పట్టరా, అట్లాంటిది.”

పూజ చేయని దోసకాయను కూడా కోసి పోల్చి ఉండవలసిందని కాలేజీలో చేరాక గ్రహించాను. అయినా నా మొదటి ప్రయోగం ఒక మనిషి మనసు మార్చిందని ఇన్నేళ్ళూ గర్వంగా చెప్పుకుంటూ వచ్చాను. మునిరత్నం చెయ్యి మళ్ళీ ఉలి పట్టింది. బొటనవేలి పని పక్కవేలు నేర్చుకుంది.

ఏర్పేడు నుంచి తిన్నగా పలమనేరు వెళ్ళాను. కొట్టం ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. నాయన, అవ్వ, మునిరత్నం ఎవరూ లేరు. పొట్టు పొయ్యి అంటే దుకాణంలోని అమ్మాయికి తెలియలేదు. మునిరత్నం భార్య రాజమ్మ మాత్రం ఆ ఊళ్ళోనే తన కొడుకు ఇంట్లో ఉంది. దోసకాయ కథ చెబితే నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

“దోసకాయ నాకు తెలీదు బిడ్డా. మీ అవ్వ ఆ పొద్దు తెల్లారేపాటికే మా ఇంటికి వచ్చింది. ఆయన చేతికి కట్టుండె గదా, నేను ముద్దలు చేసి తినిపిస్తా ఉంటే గడపకాడ నిలబడి సూసింది. లోపలికి రమ్మన్నా రాలా. ‘ఈ పొద్దే ఆ మూత యేయించేస్తా రాజమ్మా’ అని కండ్లు తుడుసుకోని పోయింది.”

అంటే నేను దోసకాయ తెచ్చేసరికే అవ్వ నిర్ణయం అయిపోయింది. ఒక్క మాట చెప్పి మూత బిగించమంటే సరిపోయేది. చెప్పలేదు. కుంకుమ పెట్టి, గింజలు మీద చిందించుకొని, నన్ను గెలవనిచ్చింది.