బెత్తెడు ఎత్తులో రాజ్యలక్ష్మి ఆంటీ

పోయిన శనివారం అమెరికాలో మా ఊరు ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇండియన్ స్టోర్ బయట కందిపప్పు, కరివేపాకు సంచులతో నిలబడి ఉండగా ఆ చప్పుడు వినిపించింది. సిమెంటు మీద ఎవరో పెద్ద పెనాన్ని ఈడ్చినట్టు గరగరమని ఒక్క క్షణం. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకసారి తలతిప్పి చూసి, మళ్ళీ బియ్యం బస్తాలు బండ్లలోకి ఎక్కించుకోవడంలో పడ్డారు. నాకు మాత్రం పళ్ళు జివ్వుమన్నాయి. పార్కింగ్ లాట్ నుంచి రోడ్డు మీదికి దిగేచోట ఒక ఎర్రటి స్పోర్ట్స్ కారు నేలకి ముక్కు ఆనించి ఆగిపోయి ఉంది. ఆ చప్పుడు విని చాలా కాలమైంది. అయినా విన్న వెంటనే నా కుడి అరచెయ్యి దానంతటదే నేలవైపు తిరిగింది, అందులో ఉన్న సంచి జారి కింద పడింది. ఆ చెయ్యికి ఆ అలవాటు నేర్పినావిడ రాజ్యలక్ష్మి ఆంటీ.

డాక్టర్ రాజ్యలక్ష్మి గారిది కాకినాడ. ఆపరేషన్‌కి ముందు రోగికి మత్తు ఇచ్చే డాక్టరుగా ఇక్కడి ఆస్పత్రిలోనే ఏళ్ళ తరబడి పనిచేసి రిటైరయ్యారు. మా వీధి చివరి ఇల్లు ఆవిడది. రిటైరయ్యాక ఆవిడ కొన్న కారు కబుర్లు మా తెలుగువాళ్ళ పార్టీల్లో పప్పుకంటే ముందే వడ్డించేవారు. నెమలికంఠం రంగు ఇటాలియన్ కారు. ఇద్దరికి మించి పట్టరు, సామానుకి చోటు లేదు, నేలకీ దాని కడుపుకీ మధ్య ఖాళీ బెత్తెడు. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఇదేం సరదా, పీట మీంచి లేచినట్టు ప్రతిసారీ అందులోంచి లేవడం ఏమిటి అని ఊరందరికీ బెంగ. ఆవిడకి తప్ప.

ఆ కారుకి పూజ చేయించడానికి గుడికి తెచ్చిన రోజున నాకు ఆవిడతో పరిచయం. గుడి గేటు దగ్గర కొత్తగా వేసిన స్పీడ్ బంప్ దాటడం దాని వల్ల కాలేదు. చివరికి పూజారిగారే పళ్ళెం పట్టుకుని గేటు బయటికి వచ్చారు. బొట్లు పెట్టి, దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. కొబ్బరికాయ కొట్టి ఆ చెక్కలను కారు ముందు పెట్టి, ఇక పోనివ్వండమ్మా అన్నారు. మామూలు బండ్లు ఆ చెక్కల మీదుగా దర్జాగా వెళ్ళిపోతాయి. ఇది వెళ్ళలేదు. ఒక చెక్క ముక్కు కింద దూరి ఇరుక్కుపోయింది. పట్టుపంచెలు కట్టుకున్న కమిటీ పెద్దలందరూ ఒకరి తర్వాత ఒకరు రోడ్డు మీద బోర్లా పడుకుని కిందికి చూడటం మొదలుపెట్టారు. కుక్కని తిప్పుకుంటూ అటు వచ్చిన అమెరికన్ దంపతులు ఇదేదో కారుకి మొక్కడం అనుకున్నట్టున్నారు, పాపం వాళ్ళు కూడా భక్తిగా తలలు వంచి వెళ్ళారు. నేను వంటగదిలోకి వెళ్ళి పులిహోర కలిపే పొడుగాటి గరిటె తెచ్చి, చీర సంగతి మర్చిపోయి నేల మీద పడుకుని, ఆ చెక్కను బయటికి లాగాను.

రాజ్యలక్ష్మి గారు కారులోంచే నన్ను పరకాయించి చూశారు. “అందరూ వంగి చూసి సలహాలు చెప్పారు. నువ్వు గరిటె తెచ్చావు. నీ పేరేంటమ్మా?” అన్నారు. సుధ అన్నాను. రేపు పొద్దున్న ఖాళీయేనా, కారుకి ముందు నడిచే మనిషి ఒకరు కావాలి అన్నారు.

ఆ రోజుల్లో నా దగ్గర ఖాళీ తప్ప ఇంకేమీ లేదు. కరీంనగర్‌లో మైక్రోబయాలజీ చదువుకుని, పెళ్ళయి వచ్చి, డిపెండెంట్ వీసా మీద ఏళ్ళు గడిపాక ఎట్టకేలకు వర్క్ పర్మిట్ వచ్చింది. పక్క ఊరు నోవైలో ఒక ల్యాబ్ వాళ్ళు ఉద్యోగం ఇస్తామన్నారు. వాళ్ళకి మనిషి కావలసింది చలికాలం మొదట్లో, అంతదాకా ఆగుతామన్నారు. కానీ అంతకు ముందటి చలికాలంలో నా బండి కంటికి కనిపించని మంచు పొర మీద బొంగరంలా తిరిగి, రోడ్డు పక్క గుంటలోకి జారింది. వెనక సీట్లో మా అమ్మాయి మేఘన ఉంది. ఇద్దరికీ గీత కూడా పడలేదు. బండి బాగైంది, నేను కాలేదు. తాళంచెవి పట్టుకుంటే చాలు అరచేతులు తడిసిపోయేవి. బస్సులు లేని ఈ ఊళ్ళో డ్రైవ్ చేయలేని మనిషికి ఉద్యోగం కాదు కదా, పాలప్యాకెట్టు కూడా అందదు. పైగా మావారు శ్రీధర్‌కి ప్రాజెక్టు పని మీద కొన్ని నెలలు టెక్సాస్ వెళ్ళక తప్పేట్టు లేదు. ఆయన వెళ్ళేలోగా నేను మళ్ళీ స్టీరింగ్ పట్టుకోవాలి, లేకపోతే ఉద్యోగం వద్దని చెప్పేయాలి. చెప్పడానికి మాటలు కూడా సిద్ధం చేసి పెట్టుకున్నాను.

అలాంటి నేను ఆ ఎండాకాలమంతా ఒక కారుకి ముందు నడిచాను. ఎక్కడ రోడ్డు వాలినా, ఎక్కడ గట్టు లేచినా ఆంటీ ఆపేవారు, నేను దిగి ముందుకు వెళ్ళి వంగి చూసేదాన్ని. ఆ గట్టు దాటడానికి కారుకి ఎంత ఎత్తు కావాలో చూసి, అరచెయ్యి నేలవైపు తిప్పి అంత ఎత్తున పట్టుకోవాలి. చెయ్యి కిందికి అంటే నెమ్మది. పిడికిలి మూస్తే ఆగు. నేరుగా వెళితే ముక్కు తగులుతుంది కాబట్టి ఎప్పుడూ ఐమూలగా తిప్పాలి, ముందు ఒక చక్రం దిగి కుదురుకున్నాక రెండోది. ఆవిడ తలలో ఊరి మ్యాపే వేరు. ఏ బ్యాంకు వాకిలి మెత్తన, ఏ మందుల షాపు గట్టు గయ్యాళి, మిషిగన్ చలికాలం పోతూ పోతూ ఏ వీధిని కొరికి గుంటలు చేసి పోయింది, అంతా కంఠతా. మైలు దూరంలో ఉన్న లైబ్రరీకి మేము ఊరంతా చుట్టి వెళ్ళేవాళ్ళం.

ఆ చుట్టుదారులే ఇప్పటికీ నా కలల్లోకి వస్తాయి. ఆ కారులో కూర్చుంటే మనం రోడ్డు మీద పోతున్నట్టు ఉండదు, రోడ్డు ఒళ్ళో పడుకుని పోతున్నట్టు ఉంటుంది. గడ్డి మన కళ్ళ ఎత్తున ఊగుతుంది. పసుప్పచ్చ డాండిలయన్ పూలు మొహానికి మొహం ఎదురొస్తాయి. పక్కనుంచి పోయే ట్రక్కుల్లో మనకు కనిపించేది చక్రాలే. మిగతాదంతా ఆకాశం, ఇంత ఆకాశం ఉందని నాకు అంతకుముందు తెలియదు. సాయంత్రం పూట మేపుల్ చెట్ల నీడలు మా మీదుగా జారిపోయేవి. ఒకసారి నేనే ఉండబట్టలేక, ఇంత కష్టపడి ఈ కారే ఎందుకు ఆంటీ అని అడిగాను.

“జీవితమంతా పడుకున్నవాళ్ళ తల దగ్గర నిలబడ్డానమ్మా. పైనుంచి చూశాను. వాళ్ళకి ఎలా కనపడుతుందో ఎప్పుడూ చూడలేదు. అందుకని కొన్నాను” అన్నారు.

తన పని గురించి ఆవిడ చెప్పిన మాట ఇంకొకటి ఉంది. నిద్రపుచ్చడం పెద్ద విద్య కాదట, కుదుపు తెలియకుండా మళ్ళీ లేపడమే విద్యట. గట్లు దాటించేటప్పుడు ఆవిడ మొహం చూస్తే ఆస్పత్రిలో ఎలా ఉండేవారో నాకు అర్థమయ్యేది. ఒకరోజు గరాజ్‌లో యోగా చాప పరిచి, నన్ను కూడా పక్కన పడుకోమని, టార్చి వేసి కారు ముక్కు కింది భాగం చూపించారు. అంతా గీతలే. ఇది పోస్టాఫీసు, ఇది ఫలానా డాక్టరుగారి గృహప్రవేశం, ఇది మన గుడి కొబ్బరిచెక్క అని ఒక్కోదాన్నీ చుట్టాలను పరిచయం చేసినట్టు చెప్పుకొచ్చారు. బాధ అనిపియ్యదా ఆంటీ అన్నాను. పడ్డప్పుడు అనిపిస్తుంది, ఆ తర్వాత కారు నడుస్తుంది కదా అన్నారు. నా గుంట సంగతి ఆవిడకి శ్రీధర్ ఎప్పుడో చెప్పాడని నాకు తెలుసు. నువ్వెందుకు నడపవని ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఏడ్చేదాన్ని, మర్నాటి నుంచి వెళ్ళడం మానేసేదాన్ని.

ఆకులు రంగు మారాయి. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లకముందే కారుని చలికాలానికి గరాజ్‌లో పెట్టేయాలి కాబట్టి చివరి షికారుగా ఆపిల్ తోటకి వెళ్దామన్నారు ఆంటీ. శ్రీధర్ అప్పటికే టెక్సాస్ వెళ్ళిపోయాడు. ల్యాబ్‌కి ఆ సోమవారం జవాబు చెప్పాలి. తోటలో వేడివేడి సైడర్, అదే ఆపిల్ రసం, తాగి, డోనట్లు తిని, కారు దగ్గరికి వచ్చేసరికి ఆంటీ మోకాలు పట్టేసింది. కాలు చాచగలరు, మడవలేరు. మడవకుండా పెడల్ మీద కాలు పెట్టలేరు. మేఘన స్కూలు వదిలే వేళ దగ్గర పడుతోంది. రోజూ నడిచి వెళ్ళి తీసుకొచ్చేది నేనే, ఇంకెవరూ లేరు.

టో ట్రక్‌ని పిలుద్దామన్నాను. దాని ర్యాంపు ఎక్కించాలంటే ముక్కు ఊడి చేతికొస్తుంది, చెక్కపలకలు వేసి ఎక్కించే ఓపిక వాళ్ళకుండదు అన్నారు. పోనీ ట్యాక్సీ అన్నాను. ఆవిడ కారుకి ఆనుకుని, మోకాలు పట్టుకుని, నన్ను తేరిపార చూశారు.

“పిలువు. కారు ఇక్కడే ఉంటుంది, పర్లేదు. నేనేమీ అనుకోను. నీ ఇష్టం సుధా.”

“నాతోని కాదు ఆంటీ. భయమైతుంది.”

“అవుతుంది. అందుకే కదా నెమ్మదిగా పోతాం. నువ్వు నా ముందు ఎండాకాలమంతా నడిచావు. ఇవాళ నేను నడుస్తాను.”

ఫోను తీశాను. ట్యాక్సీ నంబరు నొక్కలేదు, మళ్ళీ సంచిలో పడేశాను. ఆ నేల ఎత్తు సీట్లోకి జారి కూర్చున్నాను. అరచేతులు తడిసిపోయాయి, చీర లేదు తుడుచుకోవడానికి, జీన్స్‌కి తుడుచుకున్నాను. సీటు వెనకున్న ఇంజను గుర్రుమంది. ఎదురుగా తోట దారి రోడ్డులోకి దిగేచోట మంచి లోతైన వాలు. ఆంటీ గొడుగు ఊతంగా పట్టుకుని, బిగుసుకున్న కాలు ఈడ్చుకుంటూ వెళ్ళి, ఆ వాలు దగ్గర ఆగి, నావైపు తిరిగి, అరచెయ్యి నేలవైపు పట్టుకున్నారు.

నేను రోడ్డు చూడలేదు. ఆ చెయ్యి ఒక్కటే చూశాను. కాస్త ఎడమకి అంటే ఎడమకి. కిందికి అంటే నెమ్మది. ఒక చక్రం దిగింది. పిడికిలి. ఆగాను. ఊపిరి తీసుకున్నాను. చెయ్యి మళ్ళీ విప్పుకుంది. రెండో చక్రం దిగింది. ఆవిడ పక్క సీట్లోకి కాలు చాచుకుని చేరబడి, పోనివ్వు అన్నారు. ఎర్రటి, పసుపు ఆకులు మా మీద రాలుతున్నాయి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, కారు మాత్రం తిరగలేదు. మేఘన స్కూలు ముందు ఆ కారులోంచి నేను దిగేసరికి పిల్లలందరూ చుట్టూ మూగారు. ముగ్గురికి చోటు లేదు కాబట్టి ఆంటీని అక్కడి బెంచీ మీద కూర్చోబెట్టి, పిల్లని ఇంట్లో దించి మళ్ళీ వచ్చాను. రెండోసారి నా ముందు ఎవరూ నడవలేదు.

ఉద్యోగంలో చేరాను, ఇప్పటికీ అందులోనే ఉన్నాను. ఆంటీ పోయి రెండు వసంతాలయింది. కారు కొన్నవాళ్ళు ట్రక్కు తెచ్చినప్పుడు చెక్కపలకలు పరిపించి, ముందు నడిచి, దాన్ని పైకి ఎక్కించింది నేనే. ముక్కుకి కొత్త గీత పడలేదు. ట్రక్కు వీధి మలుపు తిరిగాక ఖాళీ గరాజ్‌లో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. నా మినీవ్యాన్ ఇంత ఎత్తున ఉన్నా నేను ఏ వాకిలైనా ఐమూలగానే దిగుతాను. కొత్తగా డ్రైవింగ్ నేర్చుకుంటున్న మేఘన, “అమ్మా, ఎందుకు అలా వంకర తిప్పుతావ్, నో నీడ్” అని నవ్వుతుంది. నవ్వనీ.

శనివారం నాడు కింద పడ్డ సంచిని అక్కడే వదిలేసి ఆ ఎర్ర కారు దగ్గరికి వెళ్ళాను. లోపల ఉన్నది ఒక తెలుగమ్మాయి, ఉద్యోగంలో చేరి ఎంతో కాలమై ఉండదు, ఏడుపు మొహం వేసుకుని ఉంది. కొంచెం వెనక్కి తీసి ఐమూలగా రమ్మన్నాను. వాలు దగ్గరికి వెళ్ళి వంగి చూసి, నిలబడి, అరచెయ్యి నేలవైపు పట్టుకున్నాను. ఆ పిల్ల అద్దం దించి, “ఆంటీ, మీకు కూడా ఇలాంటి కారుందా?” అని అడిగింది.

“లేదమ్మా. నేను ముందు నడిచేదాన్ని. నా చెయ్యి చూసి రా.”

ఒక చక్రం దిగింది. పిడికిలి మూశాను. తను ఊపిరి తీసుకునేదాకా ఆగి, విప్పాను. రెండోది కూడా దిగింది. ఏ చప్పుడూ కాలేదు.