గౌను అంచున ఒండ్రు

కోర్టు జరిగే రోజుల్లో కెజయా బార్‌స్టో తెల్లవారకముందే లేచేది. బూడిద కింద కప్పిపెట్టిన నిప్పును ఊది రాజేసి, నీళ్లు మరగబెట్టి, ఆ ఆవిరి మీద భర్త నల్లగౌను పట్టుకుని ముడతలు పోగొట్టేది. తర్వాత గట్టి బ్రష్షు తీసుకుని భుజాల దగ్గర మొదలుపెట్టి అంచుదాకా దులిపేది. చివరికి చిల్లుల రేకుపెట్టెలో కాసిని నిప్పులు వేసి మూతపెట్టేది. కోర్టు బంట్రోతు ఓబెడ్ వచ్చి ఆ పెట్టె పట్టుకుపోయి, సత్రం పైగదిలో జడ్జిగారి కాళ్ల కింద పెట్టేవాడు. ఊళ్లో కోర్టుకు వేరే కట్టడం లేదు. సత్రం పైగదే కోర్టు.

ఇప్పటికీ అదే వేళకు మెలకువ వస్తుంది. లేచి పొయ్యి దగ్గర కూర్చుంటుంది. నీళ్లు మరిగి మరిగి సగమైపోతాయి. రేకుపెట్టె చల్లగా ఓ మూల పడి ఉంటుంది. గౌను మేకుకు వేలాడుతూనే ఉంది. మార్చి నెలలో భర్త ఏబెల్ చనిపోయినప్పటి నుంచి దాన్ని ఆమె ముట్టుకోలేదు.

ఏబెల్‌ను జడ్జిని చేసింది దేశాధ్యక్షుడు. సముద్రం అవతలి రాజుతో తెగతెంపులై, కొత్త దేశానికి కొత్త కోర్టులు కావలసి వచ్చిన రోజులవి. అధ్యక్షుడు ఏబెల్ మొహమైనా చూసి ఎరగడు. ఈ తీరంలో నమ్మకమైన వకీలు ఎవరని వాళ్లనీ వీళ్లనీ అడిగితే రెండు పేర్లు వెళ్లాయి. ఒకటి ఏబెల్ బార్‌స్టో, రెండోది లెమ్యుయెల్ క్రోవెల్. ఇద్దరూ ఒకే ప్లీడరు దగ్గర చదువుకుని, ఒకే అటకమీద పడుకున్నవాళ్లు. పెళ్లయిన కొత్తలో శనివారం రాత్రి కెజయా చిక్కుడుగింజలు కుండలో ఉడకబెడితే లెమ్యుయెల్ పిలవకుండానే వచ్చేవాడు. "అక్కా, అడుగున మాడింది నాకే" అని గోకించుకుని మరీ తినేవాడు.

కబురొచ్చిన నాడు ఆమె కొవ్వు కాచి కొవ్వొత్తులు పోస్తోంది. పేరు ఏబెల్‌ది. బతికినంతకాలం ఉండే ఉద్యోగం. ఆ వచ్చే ఆదివారమే లెమ్యుయెల్ చర్చిలో వాళ్ల పక్కన కూర్చోకుండా వేరే బల్లకు మారాడు. మళ్లీ ఈ ఇంటి గడప తొక్కలేదు. "వాడికి రావలసింది నాకొచ్చిందేమో" అని ఏబెల్ ఎప్పుడన్నా అనేవాడు. కెజయా మాత్రం కుండ అడుగున మాడింది చాలాకాలం పారేయలేకపోయింది.

ఏబెల్ కోర్టు రెండు ఊళ్లలో. ఒక విడత ఇక్కడ, ఒక విడత ఏటి అవతల. చెప్పిన రోజుకు జడ్జి వచ్చి కూర్చోకపోతే ఆ విడత కోర్టు లేనట్టే. జైల్లో ఉన్నవాళ్లు మళ్లీ విడతదాకా జైల్లోనే. ఆ మార్చిలో మంచు కరిగి, ఏరు పొంగి వంతెన కొట్టుకుపోయింది. సుంకం కట్టకుండా బెల్లప్పాకం పీపాలు దింపారని ఇద్దరు నావికులను అవతలి ఊరి జైల్లో పెట్టారు.

"నీళ్లు తగ్గనీ. రేపు పోరాదూ" అంది కెజయా.

"రేపు పోయి ఏం చేస్తాను? వాళ్లు ఎండాకాలమంతా అందులో మగ్గాలి."

నడి ఏట్లో గుర్రం తడబడింది. గౌను పెట్టిన జీను సంచీ ఒండ్రునీళ్లలో మునిగింది. ఏబెల్ ఆ తడిసిన గౌనే తొడుక్కుని సాయంత్రందాకా కూర్చుని, ఇద్దర్నీ వదిలిపెట్టి, జ్వరంతో ఇంటికొచ్చాడు. ఆ జ్వరం ఇక దిగలేదు.

చలి మళ్లీ మొదలయ్యేవేళకు, ఒక శనివారం పొద్దున ఓబెడ్ వచ్చి టోపీ తీశాడు.

"అమ్మగారూ, కొత్త జడ్జి ఎవరో అధ్యక్షుడి దగ్గర్నుంచి కబురొచ్చింది."

"లెమ్యుయెల్."

"మీకప్పుడే ఎవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలి? ఇన్నేళ్లుగా తయారై కూర్చున్నవాడు ఇంకెవరున్నారు?"

"నిన్న ఒక్కరోజే రెండుసార్లు గడ్డం గీయించుకున్నాడమ్మా. ఉన్న గడ్డం ఒక్కసారికే చాలదు." ఓబెడ్ నవ్వి, ఆమె నవ్వకపోయేసరికి సర్దుకున్నాడు. "సోమవారం కోర్టు. బోస్టన్‌లో కుట్టే గౌను ఓడ దిగేసరికి క్రిస్మస్ దాటుతుంది. అందుకని..."

ఆమె మేకువైపు చూసింది.

"కోటుతోనే కూర్చోమను."

"కోటుతో కూర్చుంటే గొర్రెల బేరానికొచ్చాడనుకుంటారని ఆయన బాధ."

"గౌను కావలసినవాణ్ణే రమ్మను."

మధ్యాహ్నం లెమ్యుయెల్ వచ్చాడు. జుట్టు నెరిసింది. ఓబెడ్‌ను వాకిట్లో నిలబెట్టి తను లోపలికొచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడ్డాడు.

"అక్కా, అడగడానికి మొహం చెల్లలేదు."

"అందుకని బంట్రోతు మొహం పంపావా?"

అతను తల వంచుకున్నాడు. "ఏబెల్‌ను చివరిచూపు చూడ్డానికి కూడా రాలేదు నేను."

"గేటుదాకా వచ్చావు. కిటికీలోంచి చూశాను."

పొయ్యిలో కట్టె విరిగి పడింది.

"ఆ రోజుల్లో నా పేరే వచ్చి ఉంటే, మార్చిలో ఆ ఏట్లో నేనుండేవాణ్ణి" అన్నాడు.

"నువ్వయితే నీళ్లు తగ్గేదాకా ఆగేవాడివి."

అతనికి కోపమొస్తుందనుకుంది. రాలేదు.

"ఆగేవాణ్ణేమో" అన్నాడు మెల్లగా.

కెజయాకు ఒక్కసారిగా ఒళ్లంతా అలిసిపోయినట్టయింది. ఇవ్వనని చెప్పడానికే అతన్ని రమ్మంది. ఆ మాట నోట్లోనే ఉంది.

"సోమవారం ఏ ఊళ్లో?"

"అవతల. వంతెన ఇంకా కట్టలేదు. ఎగువన వానలట."

"జైల్లో ఎవరన్నా ఉన్నారా?"

"ఒకడున్నాడు."

ఆమె లేచింది. "వాకిట్లో కూర్చో. ఓబెడ్‌తో పంపిస్తాను."

నీళ్లు మరిగాయి. మేకుమీంచి గౌను దించింది. ఏబెల్ వాసన పోయి, ఉట్టి ఉన్ని వాసనే మిగిలింది. ఆవిరి పట్టింది. ముడతలు ఎప్పటిలాగే విడిపోయాయి. బ్రష్షు తీసి భుజాలు దులిపింది, చేతులు దులిపింది, నడుము దాటింది. అంచు దగ్గర ఏటి ఒండ్రు పట్టీలా ఎండి గట్టిపడి ఉంది. బ్రష్షు దానికి తగిలి గరగరమంది. కొంచెం రాలింది.

ఆమె చెయ్యి ఆగింది.

గుమ్మంలో నిలబడ్డ ఓబెడ్ చూశాడు. "అంచు మిగిలిపోయిందమ్మా. ఇలా ఇవ్వండి, నేను దులుపుతాను."

"వద్దు."

"జడ్జిగారు చూస్తే..."

"చూడనీ."

ఒండ్రు రాలకుండా అంచును లోపలికి పెట్టి మడిచి, అతని చేతుల్లో పెట్టింది. బ్రష్షు దాని మేకుకు తగిలించి, మరుగుతున్న నీళ్లు దించింది.