నంబరు లేని సంచి

మనుషుల ముందు గొంతు పెగలని దాన్ని కాబట్టి మట్టితో పనిచేసే చదువు ఎంచుకున్నాను. మట్టి ఎదురు ప్రశ్న వేయదు. పెళ్ళెప్పుడని అసలే అడగదు. అలాంటి మట్టి దగ్గర కూడా పరువు పోగొట్టుకుని, ఇంట్లో పెద్ద ప్రాణాన్ని ఏడిపించిన ఘనత నాది. డైరీలో నాలుగు పేజీలు రాసి మూడు చింపేశాను. మిగిలింది మీకు చెబుతున్నాను. నవ్వొస్తే నవ్వండి, నేనేమీ అనుకోను.

నెల్లూరులో ఒక సర్ దగ్గర ప్రాజెక్టు పనిలో ఉన్నాను. ఏరు సముద్రంలో కలిసే చోటును మావైపు మొగ అంటారు. ఆ మొగ అడుగున ఎక్కడ ఇసుక ఉంది, ఎక్కడ బంకమట్టి ఉంది, పూడిన మేటను తవ్వితే ఆ ఇసుక దేనికైనా పనికొస్తుందా అన్నది మేము తేల్చాలి. ఇనుప దవడల్లాంటి పరికరాన్ని పడవలోంచి తాడుతో దించితే అది అడుగున గుప్పెడు కరుచుకుని పైకొస్తుంది, కుక్కపిల్ల చెప్పు తెచ్చినట్టు. దాన్ని ప్లాస్టిక్ సంచిలో వేసి నంబరు రాయడం నా వంతు.

మేము వెళ్ళాల్సిన మొగ మా తాత బతుకంతా చేపల వేటకు వెళ్ళినదే. చివరి రోజుల్లో ఆయన గట్టున కూర్చుని, దాన్ని పూడుస్తున్న ఇసుకను పేరుపేరునా తిట్టేవాడు. తనను మొగలోనే వదలమన్నాడు. కానీ ఆయన పోయాక పెదనాయన అస్థికల్ని పెన్నలో కలిపి, ఏ నీళ్ళయితేనేం అన్నాడు. అవ్వ మాత్రం బూడిదా, నలిపితే పొడయ్యే ఎముక ముక్కలూ కొన్ని ముంతలో దాచి, నేను బయల్దేరే రోజు నా చేతిలో పెట్టింది.

"నువ్వు ఎట్టాగూ మొగలోకి పోతాండావు గదా మే. వదిలేసి రా."

"నేనా అవ్వా? ఆడపిల్లని."

"సముద్రం అడుగునుంచి మట్టి తెచ్చేదానికి లేని అడ్డం, వదిలేదానికి వచ్చిందా? పడవోళ్ళకి మాత్రం చెప్పబాక. బూడిదని తెలిస్తే ఎక్కనియ్యరు."

పడవ ఊగితే ముంత పగులుతుందేమోనని నా భయం. నాకు తెలిసిన భద్రత ఒక్కటే. తాతను ప్లాస్టిక్ సంచిలోకి మార్చి, జిప్ నొక్కి, పెట్టెలో శాంపిళ్ళ పక్కన పడుకోబెట్టాను. నంబరు రాయడానికి మాత్రం మనసొప్పలేదు. ఆ ఉదయమే మేట మీద తీసిన పొడి ఇసుక సంచికి తడిచేత్తో నంబరు రాశాను, అది చెరిగిపోయింది. అలా పెట్టెలో నంబరు లేనివాళ్ళు ఇద్దరయ్యారు.

మొగలోకి చేరాక సర్ తాడుతో కుస్తీ పడుతున్నారు. నేను పడవ వెనక్కి జరిగాను. కళ్ళు నిండిపోయాయి. భక్తిగా వాటిని మూసుకుని, సంచి తీసి, నీళ్ళలో ఒంపి, దండం పెట్టాను.

పడవ నడిపే అన్న చూడనే చూశాడు. "ఏందమ్మా, తెచ్చిన ఇసకే మళ్ళీ పోస్తాండావు?"

"ఎక్కువైంది అన్నా," అన్నాను. ఎంత చక్కగా అబద్ధమాడానో అని లోపల మురిసిపోయాను కూడా. పాపం, ఆయన చూసింది చూసినట్టు చెప్పాడు.

సాయంత్రం అవ్వ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"వదిలినావా?"

"వదిలినానవ్వా."

"ఏమన్నా అన్నాడా?"

"ఏమంటాడవ్వా."

"అదీ నిజమేలే," అని లోపలికి వెళ్ళి కంచం పెట్టుకుంది. తాత పోయాక ఆవిడ కడుపునిండా తినడం అదే మొదలు.

తర్వాతి వారం ల్యాబులో సర్ ఒక సంచి పైకెత్తారు. "దీనికి నంబరేదమ్మా?"

"మేట మీదిది సర్," అన్నాను, తల కూడా ఎత్తకుండా. నేనే దాన్ని జల్లెడల్లో పోశాను. నేనే మిషన్ స్విచ్ వేశాను. అది గడగడా ఊగుతుంటే పక్కన కూర్చుని టీ తాగాను.

సర్ చిటికెడు తీసి యాసిడ్‌లో కరిగించి, మందు చుక్కలు వేశారు. గాజు గొట్టంలో నీళ్ళు పసుపు రంగుకు తిరిగాయి. ఆయన ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగింది.

"ఫాస్ఫేటమ్మా ఇది. మేటలో ఇంత ఫాస్ఫేటంటే మామూలు సంగతి కాదు. అడుగున ఎక్కడో ఎముకల పొర ఉండాలి."

"ఎముకలా సర్?"

"ఎముకలే. వేల ఏళ్ళ నాటివి."

నేను లేచి పై జల్లెడలోకి చూశాను. తెల్లటి ముక్కలు.

"అంత పాతవి కావు సర్."

"నీకెట్టా తెలుసు?"

"అది మా తాత సర్."

సర్ కళ్ళద్దాలు తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత కుంచె తీసుకుని ఒక్కో జల్లెడనూ దులిపి, తాతను కాగితం మీదికి చేర్చారు. చివరికి గాజు గొట్టం చూపించి మెల్లగా అడిగారు. "ఇది కూడా ఆయనేనా?"

"ఆయనే సర్."

అవ్వకు చెప్పక తప్పలేదు.

"అయితే ఆ రోజు నువ్వు వదిలింది ఏంది?"

"మేట మీది ఇసక."

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఆయన బతుకంతా తిట్టిన ఇసకకి దండం పెట్టొచ్చినావా మే." నవ్వీ నవ్వీ ఉన్నట్టుండి ఆగింది. "ఆయన ఇంకా పోనేలేదు. నేను అన్నం తినేసినానే," అంది. అదే కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఈసారి ఇద్దరం కలిసి వెళ్ళాం. వెళ్ళేసరికి మొగ మూసుకుపోయి ఉంది. ఇవతలి గట్టు నుంచి అవతలి గట్టుకు ఇసుకే. సముద్రం ఒకవైపు, ఏటినీళ్ళు ఒకవైపు, మధ్యలో మేము చెప్పులు చేత్తో పట్టుకుని. ఒడ్డున పడవ బోర్లించి ఉంది. ఆ అన్న దాని నీడలోంచి లేచొచ్చాడు.

"మళ్ళీ ఇసక కోసమా అమ్మా?"

అవ్వ నా వైపు చూసింది. జన్మలో మొదటిసారి గొంతు దానంతట అదే పెగిలింది. "కాదన్నా. మా తాతను వదలాలి. ఆ రోజే వదలాల్సింది. నువ్వు పడవ ఎక్కనియ్యవేమోనని దాచినాను."

ఆయన అవ్వను గుర్తుపట్టి, తలకు చుట్టిన తువ్వాలు విప్పి భుజాన వేసుకున్నాడు. "ఆయనతో వేటకి పోయినోణ్ణి. ఒక్క మాట చెప్పుంటే పడవ నిలిపేవాణ్ణి గదమ్మా. ఆ రోజు మొగ తెరిచే ఉండె."

అవ్వ మేట మధ్యలో కూర్చుని చేత్తో గుంట తీసి, తాతను అందులో పోసి, ఇసుక కప్పింది. ఆ అరచెయ్యి చాలాసేపు తీయలేదు.

"వరదకి మేట తెగినప్పుడు పోతాడులే," అంది. "పడవ కాడికి ఎన్నడన్నా టయానికి పోయినాడా ఆయన?"

కనుక సమస్త పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ పడవ ఎక్కినా, నాతో ఎవరు వస్తున్నారో ముందే చెబుతాను. అందరికీ వినపడేలా చెబుతాను.