సేల్‌లో కొన్న లైఫ్ జాకెట్లు

దసరాకి ముందు ఆన్‌లైన్ పండగ సేల్ మొదలైన పొద్దున మా కంపెనీ బస్సులో ఒక్కరూ మాట్లాడలేదు. మామూలుగా మా జాలరి పేటలో బస్సెక్కిన దగ్గర్నుంచి అచ్యుతాపురంలో దిగేదాకా చెవులు హోరెత్తిపోతాయి. ఆ రోజు అందరూ ఫోన్లలోకి వంగిపోయి ఉన్నారు. ముందు సీటమ్మాయి మిక్సీ వెతుకుతోంది. నా పక్కనున్నావిడ పిల్లల బూట్లు చూస్తోంది. మాది బట్టలు కుట్టే కంపెనీ. కుట్లు సరిగ్గా పడ్డాయో లేదో లాగి చూడటం నా పని.

నేను కొత్త ఫోను కొందామనే తెరిచాను. వేలితో తోసుకుంటూ పోతుంటే నారింజ రంగు లైఫ్ జాకెట్లు కనిపించాయి. ఒకటి కొంటే ఇంకొకటి ఉచితం. బొమ్మ పక్కన సేల్ గడువు చూపించే ఎర్రటి అంకెలు ఒక్కొక్కటే తగ్గిపోతున్నాయి. నాన్న, చిన్నాన్న ఒకే బోటు మీద వేటకి వెళ్తారు. ఇంజన్ బిగించిన చిన్న ఫైబర్ బోటు. ఇద్దరికీ జాకెట్లు లేవు. మా పేటలో చాలామందికి లేవు, ఉన్నవాళ్లు కూడా ఇంట్లో మేకుకి తగిలించి ఉంచుతారు. బస్సు కంపెనీ మలుపు తిరుగుతోంది. ఆ అంకెలు అయిపోతాయేమోనన్న కంగారులో నొక్కేశాను. ఫోను సంక్రాంతి సేల్‌లో చూసుకుందాంలే అనుకున్నాను.

పార్సిల్ వచ్చిన సాయంత్రం నాన్న ఒక జాకెట్ తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఏటే గుంటా ఇది? ఇదేసుకుని ఏటకెల్తే సేపలు నన్ను సూసి నవ్వుతాయి."

"నవ్వితే నవ్వనీ," అంది అమ్మ, పొయ్యి దగ్గర్నుంచి. "అది ఒంటి మీద నేకపోతే నాను బోటు కదలనియ్యను."

చిన్నాన్నకి ఇంకా పెళ్లి కాలేదు. నాకంటే నాలుగేళ్లే పెద్ద. ఆయన వెంటనే తొడుక్కుని ఫొటో తీసుకున్నాడు. నేను అలవాటు కొద్దీ పట్టీల కుట్లు గట్టిగా లాగి చూశాను. ఊడలేదు. లోపలున్న స్పాంజి ఎలాంటిదో మాత్రం నాకు కనపడదు కదా.

ఆ తర్వాత వచ్చిన ఆదివారం వాళ్లిద్దరూ తెల్లవారుతుండగా వేటకి వెళ్లారు. అమ్మ మాట కాదనలేక జాకెట్లు వేసుకునే వెళ్లారు. అప్పటికి సముద్రం మామూలుగానే ఉంది. ఎండెక్కాక గాలి తిరిగింది. హార్బర్ బయట లంగరేసిన ఓడలు ముందు మసకబారాయి, తర్వాత అసలు కనిపించలేదు. ఒక్కొక్క బోటే హడావిడిగా ఒడ్డుకి వచ్చేసింది. మగవాళ్లంతా కలిసి బోట్లని ఇసుకలో పైకి లాగుతున్నారు. మాది రాలేదు.

అమ్మ చేపల తట్ట పక్కన పెట్టుకుని ఒడ్డునే నిలబడింది. వచ్చిన ప్రతి బోటువాళ్లనీ అడిగింది. ఆఖరున వచ్చింది మా మేనమామ, అమ్మకి అన్న. బోటు దిగకుండానే కేకేశాడు.

"బావోల్లు రానేదేటి? నాను తిరిగొచ్చినప్పుడు ఈల్లు ఇంజన్ ఇప్పుకుని కూకున్నారు. తాడేసి లాగమంటావా బావా అని అడిగినాను. నువ్వెల్లిపో, ఎనకాలే వచ్చెత్తన్నాం అన్నాడు."

నాన్న ఫోనుకి చేస్తూనే ఉన్నాను. అందుబాటులో లేదనే వస్తోంది. మామ పోలీసులకి చెప్పాడు, హార్బర్‌లో తెలిసినవాళ్లకి చెప్పాడు. తానే మళ్లీ వెళ్తానని బోటు నీళ్లలోకి తోయబోతే కెరటం దాన్ని అడ్డంగా తిప్పి ఇసుక మీదికి విసిరేసింది. నలుగురు పట్టుకుని ఆపారు.

అప్పుడు అమ్మ నా వైపు తిరిగింది.

"ఆ జాకెట్లు మంచియేనా?"

"మంచియే అమ్మా," అన్నాను.

ఆమె మొహం చూడలేక కొంచెం దూరం వెళ్లి, ఎత్తి పెట్టిన ఒక బోటు చాటున కూర్చుని ఫోను తీశాను. నేను కొన్న జాకెట్ పేజీ తెరిచాను. కొన్న రోజు బొమ్మ, ధర, ఆ ఎర్ర అంకెలు తప్ప ఇంకేమీ చూడలేదు. ఇప్పుడు కిందికి తోస్తుంటే కొన్నవాళ్లు రాసిన అభిప్రాయాలు వస్తున్నాయి. రంగు బాగుంది, డెలివరీ త్వరగా వచ్చింది అని ఒకరు. మా బాబు ఈత క్లాసుకి సరిపోయింది అని ఇంకొకరు. దాని కింద ఒకాయన, మొదటి రోజే బకిల్ విరిగిందని ఫొటో పెట్టాడు. ఇంకొకావిడ, కాసేపటికే నీళ్లు పీల్చి బరువెక్కిందనీ ఎవరూ కొనొద్దనీ రాసింది. వర్షం మొదలై ఫోను తెర మీద పడుతోంది. చున్నీతో తుడుచుకుంటూ చదివాను. ఇది సముద్రంలో పనికొస్తుందా అని ఎవరో అడిగారు. దానికి ఒకే ఒక్క జవాబు ఉంది, 'తెలియదు, గిఫ్ట్ ఇచ్చాను' అని.

మంచి మాట కోసం వెతుకుతున్నాను. ఒక్కరైనా, దీన్ని వేసుకుని మునగలేదని రాస్తారేమోనని. అన్నింటికన్నా అడుగున, సన్న అక్షరాల్లో, ఇది సరదా ఈతకి మాత్రమే, ప్రాణరక్షణకి కాదు అని ఉంది. కిందటి జన్మలో ఏ పాపం చేశానో అనిపించింది. అమ్మకి చెప్పాలా? చెప్పి ఏం లాభం? ఫోను ఛార్జింగ్ తగ్గిపోతోంది. నాన్న చేస్తే ఎత్తడానికి ఉండాలని పేజీ మూసేశాను. మళ్లీ ఉండబట్టలేక తెరిచాను.

అమ్మ వచ్చి నా వెనక నిలబడిన సంగతి నేను గమనించలేదు. ఆమెకి చదవడం రాదు. కానీ విరిగిన బకిల్ ఫొటో చూడటానికి చదువు అక్కర్లేదు.

"ఇది మనదేనా?" అంది.

"మనలాంటిదే."

ఆమె నన్ను తిట్టలేదు. నా పక్కన ఇసుకలో కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

వెలుతురు తగ్గుతుండగా మామ ఫోను మోగింది. ఆయన వింటూ వింటూ చెయ్యెత్తి మమ్మల్ని రమ్మని సైగ చేశాడు. "ఇద్దరూ ఉన్నారా? ఇద్దరూనా?" అని రెండుసార్లు అడిగాడు. ఫిషింగ్ హార్బర్‌కి తిరిగొస్తున్న ఒక మరబోటు వాళ్లని ఎక్కించుకుందట.

మేం ఆటోలో హార్బర్ చేరేసరికి నాన్న వలల కుప్ప మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నాడు. వేళ్లు తెల్లగా ముడతలు పడిపోయాయి. చిన్నాన్న పక్కనే ముడుచుకుని పడుకున్నాడు, కళ్లు తెరిచే ఉన్నాయి. అమ్మ నాన్న మొహం, భుజాలు, చేతులు తడిమి చూసి అప్పుడు ఏడ్చింది.

"తాడేత్తానన్నాడంట గదా మా అన్న! ఒద్దంటావా? నీకేటైనా అయితే మేం ఎలగ బతకాల?"

"ఇంజన్ బాగైపోతాదనుకున్నానే," అన్నాడు నాన్న. "ఎనకనించి ఒక కెరటం కొట్టినాది. అంతే, బోటు తిరగబడిపోనాది."

నాన్న జాకెట్ బకిల్ ఆ మొదటి కెరటానికే ఊడిపోయిందట. జాకెట్ మొహం మీదికి ఎగదన్ని ఊపిరాడకపోతే విప్పేసి చేతికి చుట్టుకున్నాడు. ఇంకో చేత్తో, బోట్లోంచి పడి తేలుతున్న ఐసు పెట్టె పట్టుకున్నాడు. ఒకే డబ్బాలో వచ్చిన చిన్నాన్న జాకెట్ మాత్రం ఆగింది. తర్వాత తర్వాత అదీ నీళ్లు తాగి బరువెక్కింది. అప్పుడు నాన్న ఆయన్ని కూడా పెట్టె దగ్గరికి లాక్కున్నాడు. వాళ్లని తీసుకొచ్చిన మరబోటు నడిపే సరంగు మాతో చెప్పాడు. "తలకాయలైతే ఆ నీల్లలో కనపడవమ్మా. దూరంగా ఏదో నారింజ రంగు ఊగతంటే, నీల్ల మీద తేలే బోయా తెగి కొట్టుకొచ్చినాదేమో అనుకుని తిప్పినాను."

ఆ మాట విన్నాక ఆ జాకెట్లని తిట్టాలో దండం పెట్టాలో నాకు తోచలేదు. ఇప్పటికీ తోచదు.

బోటు రెండు రోజుల తర్వాత భీమిలి వైపు ఇసుకలో దొరికింది, ఇంజన్ లేకుండా. మామ, తక్కినవాళ్లు తలా ఒక చెయ్యి వేసి దాన్ని బాగుచేయించి, పాత ఇంజన్ ఒకటి బిగించారు. ఈలోగా అమ్మా నేనూ హార్బర్ ఎదురుగా బోటు సామాన్లు అమ్మే కొట్టుకి కొత్త జాకెట్ల కోసం వెళ్లాం. అక్కడ సేల్ ఏమీ లేదు. జీవితమంతా బేరమాడే అమ్మ ఆ రోజు ధర అడగలేదు. జాకెట్లని బల్ల మీద బోర్లా వేసి, పట్టీలు ఒక్కొక్కటే మెలిపెట్టి గుంజింది. కొట్టతను విసుక్కున్నా వదల్లేదు.

నాన్న మళ్లీ వేటకి బయల్దేరిన పొద్దున అమ్మే బకిళ్లు బిగించింది. చిన్నాన్న ఒడ్డు దాకా వచ్చాడు, బోటు నెట్టడానికి సాయం పట్టాడు. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చేసరికి ఆగిపోయాడు.

"నాను రానేను," అన్నాడు.

నాన్న ఒక్క క్షణం ఆయన వైపు చూశాడు. "పోనీలే, ఇంటికెల్లు," అని మామని రమ్మని పిలిచాడు. చిన్నాన్న ఇప్పుడు హార్బర్‌లో ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తున్నాడు. ఆ పొద్దున నీళ్లలో ఆగిపోయిన సంగతి మా ఇంట్లో ఎవరూ ఎత్తరు.