పశువుల డాక్టరుగారూ, నేనిచ్చిన తాయెత్తూ

పోయిన గురువారం స్కూల్లో ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతుల్లోకి వెళ్తుంటే ఫోను వచ్చింది. మా ఊళ్ళో పదకొండేళ్ళు పశువుల డాక్టరుగా చేసినాయన రాజమండ్రిలో పోయారని మా ఆడపడుచు చెప్పింది. సరేనని ఫోను పెట్టేసి, రెండో తరగతికి వెళ్ళి ఎక్కాలు చెప్పించాను. ఏడుపు రాలేదు. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం వారుస్తూ గంజి చేతి మీద పోసుకున్నాను. ఆయన పోయినందుకు నాకు ఏమనిపిస్తోందో ఇవాళ్టికీ సరిగ్గా చెప్పలేను. జరిగింది మాత్రం చెప్పగలను. చదివాక మీకేమైనా తేలుతుందేమో చూడండి.

మాది రామచంద్రపురం దగ్గర కాలవ గట్టు మీద ఊరు. ఆయన భార్యాపిల్లలు చదువుల కోసం రాజమండ్రిలో ఉండేవారు. ఆయన మా ఇంటి ముందు వాటాలో అద్దెకుండి, శనివారం సాయంత్రం వెళ్ళి సోమవారం పొద్దున్నే మొదటి బస్సుకి దిగేవారు. ఊళ్ళో ఎవరినీ నువ్వు అనేవారు కాదు. గేదెల్ని కూడా మీరనేవారు. సూది వేసేముందు వీపు నిమురుతూ, "కొంచెం ఓర్చుకోండమ్మా, అయిపోయింది" అంటుంటే చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవారు. పని మొదలుపెట్టేముందు చేతిగడియారం తీసి చొక్కా జేబులో వేసుకునేవారు. పని అయ్యాక అది కనపడక ఊరంతా వెతికేవారు. జేబు చూసుకోమని గుర్తు చేసేది మా అమ్మాయి కళ్యాణి. పశువు తన బాధ చెప్పదు కాబట్టి మనమే రెండుసార్లు అడగాలని ఆయన అంటుండేవారు. ఆయన దగ్గర నేను ఎక్కువసార్లు విన్న మాట అదే.

మేలుజాతి ఆబోతుల వీర్యాన్ని గడ్డకట్టించి నిలవ ఉంచే నైట్రోజన్ క్యాన్ ఒకటి ఆసుపత్రిలో ఉండేది. మూత తీస్తే తెల్లటి పొగ అంచుల మీదుగా కిందికి జారేది. బడి వదలగానే కళ్యాణి అక్కడికి పరిగెత్తి, ఆ పొగలో చేతులు పెడతానని గొడవ చేసేది. చర్మం కాలిపోతుందని ఆయన ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. చల్లటిది ఎలా కాలుస్తుందని ఇది అడిగేది. ఆయన విసుక్కోకుండా ప్రతిసారీ మొదటి నుంచీ చెప్పేవారు.

కళ్యాణికి ఎనిమిదో ఏడు నడుస్తుండగా వానాకాలంలో జ్వరం తగిలింది. మూడో రోజుకి నన్ను కూడా గుర్తుపట్టలేదు. కారు మాట్లాడుకుని కాకినాడ తీసుకెళ్ళాం. డాక్టరుగారు మాతో వచ్చారు. రెండు రోజుల తర్వాత, అంతా అయిపోయాక, తిరిగొచ్చేటప్పుడు దాన్ని ఒళ్ళో పడుకోబెట్టుకున్నది ఆయనే. మా ఆయన గానీ నేను గానీ ఆ స్థితిలో లేము. గోతులు వచ్చినప్పుడల్లా ఆయన దాని తల కింద చెయ్యి పెట్టడం నాకు గుర్తుంది.

ఆరేడు నెలలు గడిచాయి. ఒకరోజు పేపర్లో గొర్రె బొమ్మ వేశారు. ఒక గొర్రె పొదుగు నుంచి తీసిన కణంతో అచ్చం అలాంటి గొర్రెనే పుట్టించారట. ఆ వార్త నేను నాలుగుసార్లు చదివాను. కళ్యాణి పుట్టినప్పుడు బొడ్డు ఊడితే, ఆ ముక్కని మా అత్తగారు వెండి తాయెత్తులో పెట్టి దాని మొలతాడుకి కట్టారు. చివరి రోజు దాన్ని విప్పి నా కొంగున ముడేసుకున్నాను. పేపరూ తాయెత్తూ పట్టుకుని ముందు వాటాకి వెళ్ళాను.

"గొర్రెకి చేసింది మనిషికి చెయ్యరాండి?" అన్నాను.

ఆయనకి వెంటనే అర్థమైంది. మనుషులకి చెయ్యకూడదని పెద్దపెద్దవాళ్ళు అంటున్నారని, చేతనైన పనిని మనుషులు ఎన్నాళ్ళు చెయ్యకుండా ఊరుకుంటారో మాత్రం తనకి తెలీదని అన్నారు. తాయెత్తు బల్ల మీద పెట్టాను.

"ఆ రోజు వచ్చేదాకా దీన్ని మీ క్యాన్‌లో ఉంచండి. ఇంకేం అడగను."

ఆయన దాన్ని ముట్టుకోలేదు. నాలుగు రోజులు ఆగమన్నారు.

ఆ నాలుగు రోజుల్లోనే మా వీధి చివర రైతు ఆవు ఈనలేక పడిపోయింది. చిన్న నాటు ఆవు. పాలు ఎక్కువిచ్చే దూడ కావాలని రైతు అడిగితే, జెర్సీ ఆబోతు సూది వేసింది డాక్టరుగారే. కడుపులో దూడ పెద్దదైపోయింది. పొద్దున్న నుంచి మధ్యాహ్నం దాకా తాళ్ళు కట్టి లాగారు. నేను వేడినీళ్ళు మోస్తూ అక్కడే ఉన్నాను. దూడ చచ్చి బయటికొచ్చింది. ఇంకాసేపటికి ఆవూ పోయింది. ఆయన భుజాల దాకా రక్తంతో పాకలో గోడకి ఆనుకుని కూర్చుండిపోయారు.

"దీన్ని నేను అడగలేదండి," అన్నారు. "రైతు అడిగాడు, నేను వేశాను. దీన్ని ఎవరం అడగలేదు."

నేను చెంబుతో నీళ్ళు పోస్తుంటే చేతులు కడుక్కుంటూ మెల్లగా చెప్పారు. పేపర్లో ఆ ఒక్క గొర్రె బొమ్మే వేశారని, దానికంటే ముందు నిలవకుండా పోయినవాటి బొమ్మలు వెయ్యలేదని. మనిషి విషయంలోనూ ముందు ఇలాంటివే చాలా వస్తాయని. ఆ తర్వాత నా మొహంలోకి చూసి అడిగారు.

"ఒక్క పాప కోసం ఇలాంటి రోజులు ఎన్ని చూడగలరండి?"

"ఎన్నైనా చూస్తానండి."

ఎదురుగా ఆవు పడి ఉంది. దాని కళ్ళింకా తెరుచుకునే ఉన్నాయి. అయినా నేను అన్నది అబద్ధం కాదు.

మర్నాడు ఆయన ఇంకో మాట అడిగారు. పుట్టే పాపకి కాకినాడ సంగతి చెబుతానా అని. చెప్పకపోతే ఎవరి బదులు వచ్చిందో తెలీకుండా బతకాలి. చెబితే ఆ సంగతి మోస్తూ బతకాలి. ఎటు చూసినా బరువు పిల్ల మీదే పడుతుందన్నారు. అయినా నాకు మా అమ్మాయి కావాలన్నాను. అప్పుడాయన తాయెత్తు తీసుకుని, దూదిలో చుట్టి, "పెడతానండి" అన్నారు.

రెండేళ్ళకి పైగా ఆ మాట మీద బతికాను. క్యాన్‌లోకి నైట్రోజన్ వచ్చినప్పుడల్లా ఆసుపత్రి ముందు నిలబడేదాన్ని. "ఉందాండి?" అనేదాన్ని. "ఉందండి" అనేవారు. మళ్ళీ బళ్ళో చేరాను. వండుకున్నాను, తిన్నాను. మా ఆయనకి ఈ సంగతి చెప్పలేదు.

తర్వాత నాకు రెండో అమ్మాయి పుట్టింది. కళ్యాణే తిరిగొచ్చిందని మా అత్తగారు ఊరంతా చెప్పి, అదే పేరు పెట్టాలని పట్టుబట్టారు. నాకూ అందులో తప్పేమీ కనపడలేదు. నిజం చెప్పాలంటే, దాని చెవుల వెనక, అరికాళ్ళ మీద, కళ్యాణికున్న మచ్చల కోసం వెతికాను. ఒక్కటీ లేదు.

పురిటి స్నానం అయ్యాక డాక్టరుగారు చూడ్డానికి వచ్చారు. పిల్ల మీదికి వంగి, చాలా మర్యాదగా, "మీరెవరండి?" అని అడిగారు. అది ఆయన ముక్కు పట్టుకుంది. పేరు ఏం పెడుతున్నారని నన్ను అడిగితే కళ్యాణి అన్నాను. ఆయన తన గదిలోకి వెళ్ళి దూదిచుట్ట తెచ్చి నా పక్కన పెట్టారు. అది పొడిగా, గోరువెచ్చగా ఉంది.

"ఇది క్యాన్‌లో ఎప్పుడూ లేదండి. నా బల్ల సొరుగులో ఉంది. ఎండిపోయినదాంట్లో ప్రాణం ఉండదు. ఆ సంగతి నాకు మొదటిరోజే తెలుసు."

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండేళ్ళు నన్ను వెర్రిదాన్ని చేశారా అని అడిగాను. తప్పేనని ఒప్పుకున్నారు. కుదరదంటే నేను బతకనేమోనని భయపడ్డారట. వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగి, ఆ భయం ఒక్కటే కాదన్నారు.

"నిజంగా ప్రాణం ఉన్న ముక్కే మీరు తెచ్చుంటే నేనేం చేసేవాడినో నాకు తెలీదండి. వద్దని ఇన్ని చెప్పినవాడిని, పెట్టేసేవాడినేమో. ఆ పిల్లని నేనూ ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను కదండి."

కొన్ని నెలలు ఆయనతో మాట్లాడలేదు. ఈలోగా ఆయనకి బదిలీ అయింది. బస్సెక్కే రోజు నేను బళ్ళో ఉండిపోయాను. చిన్నదానికి మాత్రం వేరే పేరు పెట్టాం, సుమతి అని. ఇప్పటికీ తొందరలో ఒక్కోసారి కళ్యాణీ అని పిలుస్తాను. అది పలుకుతుంది. పలికినప్పుడు నాకు సంతోషంగానూ ఉంటుంది, తప్పు చేసినట్టూ ఉంటుంది. పలకకుండా ఉంటే ఏమనిపించేదో తెలీదు.

గొర్రె తర్వాత ఇంకా ఏవేవో జంతువుల్ని అలా పుట్టించారని చదువుతూనే ఉన్నాను. మనుషుల దాకా వస్తే ఆపాలంటారు. నన్నడిగితే నేనూ ఆపాలనే అంటాను. ఆ పాకలో ఆవుని చూసినదాన్ని. కానీ రేపు ఎవరైనా వచ్చి, మీ పెద్దమ్మాయి వస్తుంది, మీరు ఊఁ అనండి చాలు అంటే? ఆయన అబద్ధం నన్ను రెండేళ్ళు బతికించింది. అది మోసం కూడా. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూస్తే ఏదీ ఇంకోదాన్ని కొట్టెయ్యడం లేదు. ఆయన ఉండగా వెళ్ళి ఈ మాటే చెప్పాల్సింది. వెళ్ళలేదు.

ఆదివారం సుమతిని తీసుకుని రాజమండ్రి వెళ్ళాను. ఆయన భార్యని నేను అంతకుముందు రెండుసార్లే చూశాను. కాఫీ ఇచ్చి, కళ్యాణి అమ్మగారు మీరేనా అని అడిగారు. అవునన్నాను. నా చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చున్నారు. తాయెత్తు సంగతి ఆవిడకి తెలుసో తెలీదో నాకర్థం కాలేదు.

బస్సుకి ఇంకా టైముంటే రేవు మెట్ల మీద కూర్చున్నాం. ఏటి మధ్య లంకలో మేసిన గేదెలు ఈదుకుంటూ ఇవతలికి వస్తున్నాయి. నీళ్ళ మీద నల్లటి తలలూ కొమ్ములూ తప్ప ఏమీ కనపడడం లేదు. అన్నీ ఒక్కలాగే ఉన్నాయే అమ్మా, వాళ్ళవి వాళ్ళకెలా తెలుస్తాయి అంది సుమతి. కింది మెట్టు మీద నిలబడ్డ ఒకావిడ నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఏదో పేరు పిలిచింది. అన్ని తలల మధ్యలోంచి ఒక్కటి ఇటు తిరిగింది.