తెర కుడి అంచున తోక

మా వైపు సినిమాల గురించి మాట్లాడేవాళ్లకు కొదవ లేదు. సినిమా రీళ్ల గురించి, వాటి మీది గీతల గురించి, ఆ గీతలు తుడిచి కొత్తగా విడుదల చేసే డిస్కుల గురించి మాట్లాడేవాళ్లం మాత్రం ముగ్గురమే. ఆదివారం భోజనాలయ్యాక ఉప్పల్‌లోని అన్న ఇంట్లో, మేడమీద గదిలో చేరతాం. ప్రతి సమావేశాన్నీ నేను డైరీలో రాసుకుంటాను: ఏ చిత్రం చూశాం, అది ఏ ప్రింటు నుంచి తీసినది, ఎన్నిసార్లు ఆపి వాదించుకున్నాం, మిర్చిబజ్జీల వంతు ఎవరిది. మా ముగ్గురికీ ఏకాభిప్రాయం కుదిరిన సందర్భాలు ఆ డైరీలో రెండే ఉన్నాయి. రెండూ బజ్జీలకు సంబంధించినవే.

నేను అన్న అని పిలిచే ఈయనది పాత ఉప్పల్ రైతు కుటుంబం. నల్లచెరువు కింద ఒకప్పుడు వాళ్ల పొలం ఉండేది. ఇప్పుడు ఆ జాగాలో కార్ల షోరూము ఉంది. అన్నకు సిమెంటు దుకాణం. బావగారు ఆయన వియ్యంకుడు. అన్న కూతురు ఈయన కోడలు. గోదావరి వైపు నుంచి వచ్చి నాచారంలో స్థిరపడి, అక్కడి మందుల ఫ్యాక్టరీలో మాత్రల నాణ్యత పరీక్షించే ఉద్యోగం చేసి విరమించారు. మాత్రలు పోయాక ఆ పరీక్ష సినిమాల మీదికి మళ్లింది. అన్న ఆయనను బావా అంటాడు కనుక నేనూ బావగారూ అనే పిలుస్తాను. నేను పక్కింటివాణ్ణి, అన్న నన్ను సారూ అంటాడు. లెక్కల మనిషినని పేరుండటం చేత తగవు తీర్చే బాధ్యత నా మీద పడుతుంది.

అన్నకు ఒక కథ ఉంది. ఆయన చిన్నతనంలో నల్లచెరువు కట్ట మీద ఒక జానపద చిత్రం షూటింగు జరిగిందట. ఆ చిత్రంలో వాళ్ల బర్రె నటించిందట. వాళ్ల నాయనమ్మ కర్ర పట్టుకుని వెళ్లి, సినిమావాళ్లను తిట్టి, బర్రెను ఈడ్చుకొచ్చేలోపే అది కెమెరాలో పడిపోయిందట. పొలం పోయింది, బర్రె పోయింది, నాయనమ్మా పోయింది. ఆ కాలం నుంచి అన్నకు మిగిలింది ఈ కథ ఒక్కటే. అందుచేత దాన్ని ఆయన విరివిగా వాడుకుంటాడు.

మనవడు పుట్టి, వాణ్ణి ఉయ్యాలలో వేసే తొట్టెల ఫంక్షన్ నిశ్చయమైనప్పుడు బావగారు నా సమక్షంలోనే విషయం ఎత్తారు.

“బావగారూ, ఫంక్షన్‌కి మా వైపు నుంచి నలభై మంది వస్తున్నారు. వాళ్ల ముందు ఆ గేదె కథ వద్దండీ.”

“ఎందుకు వద్దు బావా? వాడు నా మనవడు. వాని ఇంటి బర్రె. వినెతందుకు వానికి హక్కున్నది.”

“అప్పటికి ఇరవై ఒక్క రోజుల పిల్లాడండీ! పెళ్లిలో చెప్పారు, ఊరుకున్నాం. గృహప్రవేశంలో చెప్పారు. మా అత్తగారి దశదినకర్మలో కూడా చెప్పారు.”

“గప్పుడు అందరు ఏడుస్తున్రని జర నవ్విద్దామనుకున్న.”

“అసలు ఆ గేదెను చూసినవాడు ఉన్నాడా? క్యాసెట్టులో లేదు. వీసీడీలో లేదు.”

ఇది నిజమే. కాకపోతే ఆ రెండూ చిన్న టీవీకి సరిపోయేలా అటూ ఇటూ కోసేసిన ప్రింట్లు. చిత్రమేమో వెడల్పాటి తెర కోసం తీసినది. ఆ సంగతి నేను విన్నవించాను. సరిగ్గా ఆ నెలలోనే ఆ చిత్రాన్ని అసలు నెగటివ్ నుంచి, పూర్తి వెడల్పుతో పునరుద్ధరించి ఒక విదేశీ కంపెనీ బ్లూరే డిస్కుగా తెస్తోంది. ఒప్పందం అక్కడికక్కడే కుదిరింది. డిస్కులో బర్రె లేకపోతే అన్న ఆ కథను జన్మలో ఎత్తకూడదు. ఉంటే తొట్టెల ఫంక్షన్‌లో, నలభై మంది ముందు, మైకు పట్టుకుని ఆ కథను బావగారే చెప్పాలి.

డిస్కు వచ్చింది. అన్న కొత్తగా కొన్న పెద్ద టీవీని బావగారు అప్పటికే సిద్ధం చేసి ఉంచారు. టీవీ తయారీదారులు పెట్టే ప్రతి అదనపు హంగూ సినిమాకు శత్రువే అన్నది ఆయన సిద్ధాంతం. రంగులను చిక్కబరిచేది, కదలికను నునుపు చేసేది, ముఖాలకు పౌడరు పూసినట్టు చేసేది, అన్నిటినీ ఒక పూటంతా కూర్చుని ఆపేశారు. పేరు అర్థం కానివాటినీ అనుమానం కొద్దీ ఆపేశారు. ఆ తర్వాత టీవీ రిమోట్‌ను ప్లాస్టిక్ కవరులో పెట్టి, రబ్బరు బ్యాండు చుట్టి, ‘ముట్టరాదు’ అని చీటీ అంటించి బీరువా మీద పెట్టారు. అన్న భార్య, అంటే మా వదినె, ఆ చీటీ చూసి “దేవుని పటానికన్న దీనికే మడి ఎక్కువున్నది” అన్నది.

చిత్రం మొదలైంది. రంగులు అమోఘం. చెరువు కట్ట సన్నివేశం వచ్చింది: రాకుమారి గొల్లపిల్ల వేషంలో కట్ట మీద నడిచి వస్తుంది. అన్న తెరకేసి ముందుకు వంగాడు. బర్రె రాలేదు. షాటు ముగిసే ముందు తెర కుడి అంచు నుంచి నల్లటి సన్నని గీత ఒకటి లోపలికి వచ్చి, రెండుసార్లు ఊగి, వెళ్లిపోయింది.

“అగో! తోక!”

“తోక కాదండీ. వెంట్రుక.”

“ఏం వెంట్రుక?”

“షూటింగప్పుడు కెమెరా లోపల ఇరుక్కున్న వెంట్రుక. పాత సినిమాల్లో మామూలే. దీన్ని తుడవకుండా వదిలేశారంటే వాళ్ల పని ఏపాటిదో చూడండి.”

“బావా, వెంట్రుక ఈగలు తోలుకుంటదా?”

ఇద్దరూ నావైపు తిరిగారు. నేను మా ఇంటికి వెళ్లి స్కేలు తెచ్చి, చిత్రాన్ని ఆపించి కొలిచాను. రెండుంపావు అంగుళాలు. చివర కొంచెం కుచ్చులా విచ్చుకుని ఉంది. కుచ్చు తోకకు ఉంటుంది. అయితే చిట్లిన వెంట్రుకకూ ఉంటుందని బావగారు అన్నారు. ఆయన తలలోంచి ఒకటి పీకి చూపించబోయారు గాని, అక్కడ అందుకు తగిన నిల్వ లేదు. తగవు తేలలేదని డైరీలో రాసి సంతకం పెట్టాను.

తర్వాతి ఆదివారం బావగారు తృప్తిగా వచ్చారు. ఫలానా సన్నివేశంలో కుడి అంచున వెంట్రుక మిగిలిపోయిందని ఆ కంపెనీకి మెయిల్ రాశారట. పరిశీలిస్తామనీ, లోపం నిజమైతే రెండో ముద్రణలో తుడిచేస్తామనీ వాళ్లు జవాబిచ్చారట.

అన్న బజ్జీ ప్లేటు కింద పెట్టాడు. “తుడిచేస్తరా?”

“ఆనవాలు లేకుండా.”

“బావా, నీకు దండం పెడ్త. మొత్తం బర్రె పోయి తోక మిగిలింది. దాన్ని గూడ తుడిపిస్తవా? కథ సెప్పొద్దంటే సెప్ప. నోరు మూసుకుంట. తోకనన్న ఉండనియ్యి.”

ఆ మనిషి గొంతులో అంత దీనత నేను ముందెన్నడూ వినలేదు. సిమెంటు బాకీలు వసూలు చేసేటప్పుడు ఆ గొంతు వేరుగా ఉంటుంది. బావగారు కూడా కొంత తగ్గారు. “మళ్లీ ఒకసారి చూద్దాం పదండి” అని డిస్కు పెట్టి, ప్లేయరు రిమోట్‌తో ఆ గీత దగ్గర ఆపారు. ముగ్గురం తెరకు జానెడు దూరంలో ముక్కులు పెట్టి కూర్చున్నాం.

అప్పుడు వదినె పైకి వచ్చింది. కింద టీవీ రిమోట్‌లో సెల్లులు అయిపోయాయి; వారమంతా తప్పిపోయిన సీరియల్ భాగాలు ఆ మధ్యాహ్నమే మళ్లీ వేస్తున్నారు.

“లేవుండ్రి, ముగ్గురు మొగోళ్లు టీవీని వాసన సూస్తున్నరా? జర సేపు నా సీరియల్ పెట్టుకుంట.”

“చెల్లెమ్మా, ఆ రిమోట్ ముట్టకండి! సెట్టింగులు...”

“ముడితే ఏమైతది అన్నయ్యా, షాక్ కొడ్తదా?” అంటూనే బీరువా మీది కవరు అందుకుని, రబ్బరు బ్యాండు తీసి, చానెలు మీట అనుకుని వేరే మీట నొక్కేసింది. తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వెలిగింది. ఆపి ఉంచిన చిత్రం నాలుగు వైపుల నుంచీ లోపలికి ముడుచుకుంది. అంతవరకూ తెరకు అవతల ఉండిపోయిన అంచులు లోపలికి వచ్చాయి.

వదినె విసుక్కున్నది. “నా సీరియల్ ఏది? నడుమ గీ బర్రె ఏంది?”

కుడి అంచున, తోక మొదలైన చోట, ఒక పూర్తి బర్రె నిలబడి ఉంది. రెండు కొమ్ములు, నాలుగు కాళ్లు, వీపు మీద ఒక కాకి. దాని పక్కన పలుపు పట్టుకుని ఒక ఆడమనిషి.

అన్న తెర ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. “నాయినమ్మ!”

బావగారు చిత్రాన్ని నడిపించారు. రాకుమారి కట్ట మీద నడుస్తోంది. ఆమెను నాయనమ్మ ఒక్కసారి కూడా చూడలేదు. ఒక చెయ్యి నడుం మీద పెట్టి, తల నిండా పూలు పెట్టుకుని, మడతలు నలగని చీరలో, షాటు పొడుగునా కెమెరాకేసే చూస్తూ నిలబడింది. మధ్యలో కొంగు సర్దుకుంది. బర్రె కదలబోతే, అది చిత్రంలోంచి బయటికి పోకుండా పలుపు పట్టి లాగింది.

“సినిమావాళ్లను కర్రతోని తరిమిన్నని సెప్పిందే ముసల్ది!” అన్న తల పట్టుకున్నాడు. “సినిమా సూస్తే కండ్లు పోతయని నా వీపు పగలగొట్టింది సారూ! నేను మ్యాట్నీకి పోయొస్తే రెండు దినాలు బువ్వ పెట్టలే. గిక్కడ సూడు, పెండ్లి చీర కట్టుకొని బర్రెను జీతగాని లెక్క ఎంట తెచ్చుకొని నిలవడ్డది!”

“గేదె ఏ గేదైనా, ఆవిడ ఎవరైనా కావచ్చు కదండీ” అన్నారు బావగారు. అది చివరి ప్రయత్నమని ఆయన గొంతే చెప్పింది.

వదినె కిందికి పోయి, గోడ మీది నాయనమ్మ ఫోటో దండతో సహా పట్టుకొచ్చి తెర పక్కన నిలబెట్టింది. అదే నడుం మీది చెయ్యి. ఎదుటివాడు బాకీ ఉన్నట్టు చూసే అదే చూపు. బావగారు కళ్లద్దాలు తుడుచుకుని, రెండు ప్రింట్లను పోల్చే పద్ధతిలో చాలాసేపు అటూ ఇటూ చూశారు.

“ఫోటోలో రంగులు కాస్త వెలిశాయి” అన్నారు. “మనిషి ఆవిడే.”

తర్వాత రిమోట్ తీసుకుని, వదినె నొక్కిన మీట ఏమిటో చూశారు. చిత్రాన్ని అంచులు కోయకుండా మొత్తం చూపించే ఏర్పాటు అది. పేరు అర్థం కాక అనుమానం కొద్దీ ఆపేసినవాటిలో అదీ ఒకటి.

“దాన్ని నేనే ఆపేశానండీ” అన్నారు మెల్లగా.

“మా నాయినమ్మను ఆపేసినవా బావా!”

“నా సీరియలో?” అన్నది వదినె.

ఆ సాయంత్రం కంపెనీకి రెండో మెయిల్ నేనే రాశాను. అత్యంత స్పష్టంగా రాశాను: మొదటి మెయిల్‌లో పేర్కొన్న వెంట్రుక వెంట్రుక కాదు, అది ఒక బర్రె తోక, ఆ బర్రె వారసులు ఉప్పల్‌లో ఉన్నారు, దయచేసి దేన్నీ తుడవవద్దు. బావగారు అందులో కామాలు రెండు సవరించి పంపించారు. వారం పాటు జవాబు లేదు. ఆ వారంలో అన్న దుకాణంలో సిమెంటు బస్తాల లెక్క రెండుసార్లు తప్పాడని విన్నాను. ‘తుడిచేసిన్రేమో సారూ’ అని గోడ అవతలి నుంచి రోజూ పొద్దున్నే అడిగేవాడు.

జవాబు తొట్టెల ఫంక్షన్ నాటి ఉదయం వచ్చింది. హాలు బయట నిలబడి బావగారు ఫోనులోంచి చదివి తెలుగులో చెప్పసాగారు.

“మీ రెండు ఉత్తరాలూ అందాయి. ఆ సన్నివేశంలో వెంట్రుక ఎక్కడుందో వెతకడానికి మా సిబ్బంది చాలా శ్రమపడ్డారు. మా తెరల మీద ఆ జంతువూ, ఆ స్త్రీ మొదటి నుంచీ స్పష్టంగానే ఉన్నారు. వారిని తుడిచే ఆలోచన మాకు ఎన్నడూ లేదు. మీరు ఒకసారి...”

ఆయన ఆగిపోయారు.

“ఒకసారి ఏంది? సదువు బావా.”

“అభినందనలు తెలిపారు” అని బావగారు ఫోను జేబులో పెట్టుకున్నారు. తర్వాత ఆ మెయిల్ నేను చూశాను. ‘మీరు ఒకసారి మీ టీవీ సెట్టింగులు సరిచూసుకోగలరు’ అని ఉంది.

ఒప్పందం ప్రకారం బావగారు మైకు పట్టుకున్నారు. అన్న ముందు వరసలో మనవణ్ణి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ కథను అన్న ఎప్పుడూ భోజనాల పిలుపు వచ్చేలోగా ముగించేవాడు. బావగారు నెగటివ్‌తో మొదలుపెట్టారు. వెడల్పు తెర అంటే ఏమిటో వివరించారు. క్యాసెట్టులో అంచులు ఎందుకు కోస్తారో, కెమెరాలో వెంట్రుక ఎలా ఇరుక్కుంటుందో, దానికీ తోకకూ కుచ్చులో గల తేడా ఏమిటో చెప్పారు. నా స్కేలును కూడా ప్రస్తావించారు. గోదావరి చుట్టాలు నలభై మందీ ఒకరి తర్వాత ఒకరు బిర్యానీ వాసన వచ్చే వైపుకు తిరిగారు. పిల్లవాడు నిద్రపోయాడు.

“బావా, జర జల్ది బర్రె దగ్గరికి రా!” అన్న కూర్చున్నచోటి నుంచే బతిమాలాడు.

“వస్తున్నానండీ. ముందు అంచుల సంగతి తేలాలి కదా.”

బిర్యానీ చల్లారింది. అయినా బావగారు ఆ రోజుతో ఆపలేదు. గత నెల నాచారంలో ఆయన స్నేహితుడి షష్టిపూర్తికి ముగ్గురం వెళ్లాం. భోజనాలకు కూర్చోగానే ఆయన పక్క విస్తరి వాళ్లవైపు తిరిగి, గొంతు సవరించుకున్నారు.

“మీకు తెలుసో లేదో, మా గేదె ఒక సినిమాలో నటించిందండీ.”

అన్న చేతిలోని గారె ముక్క నోటి దాకా పోయి ఆగింది.

“మీ గేదె ఏంది బావా? మా బర్రె.”

“అదేనండీ” అని బావగారు మళ్లీ వాళ్లవైపు తిరిగారు. “ముందు నెగటివ్ అంటే ఏమిటో చెబుతాను.”